ఎవరి బోల్టులు వాళ్ళవి

తల్లి ఒక చొక్కా కాలరు తిరగేసి, దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించింది. గోడకున్న ఒక్కగానొక్క పెద్ద ప్లగ్గులో ఇప్పుడు ఇస్త్రీపెట్టె తీగ ఉంది. అక్కడినుంచి పీకేసిన కంప్యూటరు తీగ చచ్చిన పాములా నేల మీద పడి ఉంది.

పెద్దమ్మాయి గుమ్మంలో నిలబడి మొదట ఆ తీగను చూసింది. తర్వాత తల్లిని చూసింది.

"అమ్మా."

"ఒక్క చొక్కా. అయిపోయింది."

"నిన్న కూడా ఒక్క చొక్కాయే."

"లారీ వాళ్ళొస్తారు, వృద్ధాశ్రమం మేనేజరొస్తాడు. పిల్లాడు నలిగిన గుడ్డలేసుకుని వాళ్ళ ముందు నిలబడాలా? నీకేం, నువ్వు అద్దంలో కూడా ముఖం చూసుకోవు."

పిల్లాడంటే తమ్ముడు. పెళ్ళయి, చెంపల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నా తల్లికి వాడు పిల్లాడే. పక్కగదిలో తన కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. వీపు మాత్రం కనబడుతోంది. నిన్న సాయంత్రం నుంచి అక్కకు ఆ వీపే సమాధానం.

నిన్న జరిగింది చిన్న విషయమే. లారీ రాకముందు ఒకసారి చూసుకుందామని పెద్దమ్మాయి ఈ ముందుగది కంప్యూటరులో కుర్చీ బొమ్మ తెరిచింది. నడవలేని వాళ్ళు మీట నొక్కితే తనే పైకి లేచి, మనిషిని నిలబెట్టే కుర్చీ అది. తమ్ముడు గీసింది. చట్రం వచ్చింది, చేతులు వచ్చాయి, మెత్త వచ్చింది. బోల్టులు రాలేదు. ఎక్కడ చూసినా కన్నాలే. ఈ భాగాలు ఫలానా చోట ఉండాలి, దొరకడం లేదు, అని తెర మీద వరస పడింది. ఆ ఫలానా చోటు తమ్ముడి కంప్యూటరు.

ఆ ఇంట్లో అలా ఉండకూడదు. వెనక షెడ్డులో తయారయ్యే ప్రతి వస్తువూ ముందు ఈ ఇంట్లోనే బొమ్మగా పుడుతుంది. ముందుగదిలో ఒక కంప్యూటరు, తమ్ముడి దగ్గరొకటి, షెడ్డులో ఒకటి. కానీ బోల్టులూ నట్టులూ వాషర్లూ గీసి దాచిన ఫోల్డరు, వాళ్ళ మాటలో అర, మాత్రం ముందుగదిలోనే ఉంది. మిగతా రెండింటికీ సొంత బోల్టులు లేవు. కావాల్సొచ్చినప్పుడల్లా ఇక్కడికే వచ్చి తీసుకోవాలి. ఇక్కడ ఒక బోల్టు పొడుగు మారితే, ఆ బోల్టున్న బొమ్మలన్నిటిలోనూ మారుతుంది. ఈ ఏర్పాటు పెద్దమ్మాయిది. తండ్రి పోయాక షెడ్డు చేతికొచ్చినప్పుడు ఆమె మొదట చేసిన పని ఇదే.

"చూసుకోండి, వాడుకోండి. ఎత్తుకుపోకండి," అని అందరికీ ఒకటే మాట చెప్పింది.

తమ్ముడు అరకు అరే ఎత్తుకుపోయాడు.

ఎప్పటి నుంచిరా, అని నిన్న అడిగితే తెర ఆపేసి, అన్నం తినకుండా పడుకున్నాడు.

పెద్దమ్మాయి వంగి ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది. కంప్యూటరు ప్లగ్గు గుచ్చింది.

"అయ్యో! చొక్కా చెయ్యి మిగిలిపోయిందే!" అని తల్లి అరిచింది. "ఒరేయ్, చూడరా మీ అక్క!"

వీపు తిరిగింది. తమ్ముడు లేచి వచ్చాడు, బనీను మీద.

"పొద్దున్నే మొదలెట్టావా?"

"నేను మొదలెట్టలేదు. నువ్వు నిన్న పూర్తి చెయ్యలేదు. అడిగినదానికి జవాబు చెప్పు."

"కాపీ చేసుకున్నా. చాలా? చేసుకున్నా! కొంపేమైనా తగలెట్టానా?"

"ఎందుకు చేసుకున్నావు?"

"అమ్మనడుగు."

"నేనేం చేశాన్రా మధ్యలో?" అంది తల్లి, చల్లారుతున్న ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని.

"నువ్వేం చేశావా? నా గదిలో కస్టమరు కూర్చుని ఉంటాడు. బొమ్మ తెరుస్తాను. బోల్టులుండవు. వాడు నా ముఖం చూస్తాడు. నేను వాడి ముఖం చూస్తాను. ఏమైందండీ అంటాడు. ఏం చెప్పను? మా అమ్మ అవతలి గదిలో నా చొక్కా ఇస్త్రీ చేస్తోందండీ, అందుకని బోల్టులు మాయమయ్యాయండీ, అని చెప్పనా?"

వసారాలో కుర్చీలకు అట్టలు చుడుతున్న మరదలు కిసుక్కున నవ్వింది. పెద్దమ్మాయికీ పెదవి చివర నవ్వు వచ్చి ఆగిపోయింది. నవ్వితే ఆ పూటకు వాడిదే గెలుపు.

"ఇల్లు కట్టినప్పటి నుంచీ ఆ ప్లగ్గు నా ఇస్త్రీపెట్టెది," అంది తల్లి. "మీ కంప్యూటరే తగుదునమ్మా అని తర్వాత వచ్చింది. మీ నాన్న ఉన్నప్పుడు కాగితం మీద గీసేవాడు. కాగితానికి ప్లగ్గు అక్కర్లేదు."

"నాతో ఒక్క మాటంటే ఇంకో ప్లగ్గు పెట్టించేదాన్ని కదరా."

"అన్నాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడా! వానలకు ముందొకసారి. మళ్ళీ ఒకసారి. ఆ గేట్ల పనప్పుడు కూడా. ప్రతిసారీ నువ్వేమన్నావో గుర్తుందా? 'అమ్మకు చెప్తాలే' అన్నావు. చెప్పావా అమ్మకి?"



తల్లి కూతురి వంక చూసింది. "నాకెవరూ చెప్పలేదు," అంది నెమ్మదిగా.

నిజమే, చెప్పలేదు. తల్లికి ఒక మాట చెప్పి, ఆమె మూడు రోజులు మూతి ముడుచుకుంటే భరించడం కన్నా, పడుకున్న కంప్యూటరును మళ్ళీ లేపుకోవడం తేలిక. పెద్దమ్మాయి ఎప్పుడూ ఆ తేలిక పనే చేసేది. అలా చేస్తున్నట్టు ఇవాళే తెలిసింది.

"సరే. అది నా తప్పు," అంది. "కాపీ చేసుకున్నావు. బాగుంది. ఆ తర్వాత నేను ఇక్కడ లాకు నట్టు మార్చాను. నీ దాంట్లో అది మారలేదు. ఇప్పుడు దాని సంగతి మాట్లాడదాం."

"ఏం మార్చావు?"

ఆమె కొంగుకు ముడేసుకున్నది విప్పి బల్ల మీద పెట్టింది. సగం ఇస్త్రీ అయిన చొక్కా పక్కన ఒక బోల్టు, దానికి బిగించిన నట్టు. తెల్లవారగానే షెడ్డులో ఒక కుర్చీ చేతి నుంచి విప్పి తెచ్చింది. నట్టు లోపల పైఅంచున నీలం నైలాన్ రింగు కనబడుతోంది. బోల్టు కొస ఆ రింగు దాకా రాలేదు. బావిలో కప్పలా లోపలే ఆగిపోయింది.

"నేను మొదట్లో ఈ నట్టును మామూలు నట్టులాగే సన్నగా గీశాను. తప్పు గీశాను. లాకు నట్టు, లోపలి రింగుతో బోల్టును పట్టి ఊడకుండా ఆపేది, దానికన్నా మందం. అది తెలిసి సరిచేశాను, బోల్టును ఒక సైజు పెంచాను. నీ దగ్గర పాత సన్న నట్టే ఉంది, పాత పొట్టి బోల్టే ఉంది. నీ బొమ్మ చూసి బోల్టులు కొన్నారు. ఫిట్టరేమో అలవాటు ప్రకారం లాకు నట్టు తీసి బిగించాడు. రింగు దేన్ని పట్టుకోవాలి? గాలిని పట్టుకోవాలా?"

తమ్ముడు బోల్టు చేతిలోకి తీసుకుని వేలి కొన లోపల పెట్టి చూశాడు. వాడి ముఖంలో ఏదో కదిలింది. వెంటనే దాన్ని కోపంతో కప్పేశాడు.

"సరిచేశానని నాకు చెప్పావా?"

"చెప్పక్కర్లేకుండా ఉండాలనే కదరా అన్నీ ఒక్కచోట పెట్టింది!"

"అంటే నీ కంప్యూటరుకు నోరుంది, నీకు లేదు."

"నీకు తెలియకుండా నేను మార్చానా? అందరి అరలో మార్చాను. నువ్వు వేరు పోయావు. చెప్పకుండా వేరు పోయింది నువ్వు!"

"ఏంట్రా, వేరు పోవడమేంటి?" తల్లి గొంతు మారింది. ఆ మాట ఆమెకు బోల్టుల గురించి వినబడలేదు.

"ఏం లేదమ్మా. నువ్వు ఇస్త్రీ చేసుకో," అంది పెద్దమ్మాయి.

"ప్లగ్గు పీకేసి చేసుకో అంటావేంటే!"

తమ్ముడు బోల్టును బల్ల మీదకు విసిరాడు. అది దొర్లి గోడ దగ్గర ఆగింది.

"రెండు మర చుట్లు తక్కువ. అంతేగా? దీనికి ఇంత రాద్ధాంతమా?"

"ఆ రెండు చుట్ల దగ్గరే రింగుంది."

"బిగించి ఉంది. ఎక్కడికి పోతుంది?"

"ఇవాళ పోదు. అది మంచమా, పడేసినచోట పడుండడానికి? మనిషితో లేస్తుంది, మనిషితో దిగుతుంది. లేచినప్పుడల్లా కాస్త, దిగినప్పుడల్లా కాస్త. ఊడేరోజు దాంట్లో ఒక మనిషుంటారు. తనంతట తను లేవలేని మనిషి."

వసారాలో టేపు లాగే చప్పుడు ఆగింది. ఇద్దరూ అది గమనించలేదు.

"అట్టలు విప్పించు," అంది పెద్దమ్మాయి. "బోల్టులన్నీ మార్చి పంపుదాం. పొడుగు బోల్టులు పొద్దున్నే తెప్పించాను. సాయంత్రానికి అవుతుంది."

"లారీ మధ్యాహ్నం లోపల వస్తుంది."

"ఆగమను."

"ఆగదు. అది మనది కాదు. ఖాళీగా తిరిగిపోతే ఆశ్రమం వాళ్ళు ఇంకొకళ్ళను చూసుకుంటారు. మేనేజరుకు కాలు నిలవదు, నీకు తెలుసు. ముందు పంపించేద్దాం. తర్వాత నేనే వెళ్ళి ఒక్కొక్కటీ మార్చేసి వస్తా."

"ఎప్పుడు?"

"వీలు చూసుకుని."

"వీలు! నీ వీలు నాకు తెలియదా? మన గేటు గడియ ఎన్నాళ్ళుగా తాడుతో కట్టి ఉందో చూడు. అదీ నీ వీలే."

"మారుస్తానంటున్నాడుగా," అంది తల్లి. "వాడి మాట మీద వాణ్ణి పోనియ్యవే. ప్రతిదానికీ తాడు పట్టుకుని గుంజుతావు."

తల్లి తనవైపు రాగానే తమ్ముడికి బలం వచ్చింది. గొంతు పెరిగింది.

"అసలు నీ బాధ కుర్చీ కాదక్కా. నీ బాధ నేను నిన్నడగలేదని. ఈ ఇంట్లో నేను ఒక బోల్టు వెయ్యాలన్నా నీ అరలోకి చెయ్యి పెట్టాలి. పొడుగెంతో నువ్వే చెప్పాలి. పేరేంటో నువ్వే పెట్టాలి. బోల్టుల మారాణీ! ఆ కుర్చీ ఎవరు గీశారు? నేను గీశాను. చేతులు ఎంత వంగాలో, మనిషి బరువు ఎటు పడాలో, అన్నీ నేను. ఒక్కరోజు, ఒక్కరోజు బాగుందిరా అన్నావా? బొమ్మ తెరిచి ఏం చూశావు? బోల్టులు! కుర్చీ కనబడలేదు నీకు. బోల్టులు కనబడ్డాయి!"

పెద్దమ్మాయికి ఆ మాట ఎక్కడో తగిలింది. కుర్చీ నిజంగా బాగుంది. మొదటిసారి లేచినప్పుడు షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది. నోటితో మాత్రం ఏమీ అనలేదు. వాడికే తెలుస్తుందిలే అనుకుంది.

కానీ ఇప్పుడు ఆ మాట చెప్తే పట్టు పోతుంది. పట్టు పోతే కుర్చీలు లారీ ఎక్కుతాయి.

"బాగున్న కుర్చీనే పడెయ్యాలనుకుంటున్నావు," అంది.

"మా అమ్మ కుర్చీకి?"

ముగ్గురూ తిరిగి చూశారు.

మరదలు గుమ్మంలో ఉంది. ఒక చేతిలో టేపు చుట్ట, ఇంకో చేతిలో అట్టలు కోసే కత్తి. ముఖాన చెమట, చెమట మీద అట్టల దుమ్ము. నవ్వు ఎప్పుడో పోయింది.

"మిమ్మల్నే అడుగుతున్నానండీ. మా అమ్మ కుర్చీకి ఏ బోల్టులు?"

ఆ కుర్చీల్లో మొట్టమొదటిది ఆమె తల్లి కోసం చేసింది. అసలు కుర్చీ ఊహే ఆవిణ్ణి చూసి పుట్టింది. ఒకరోజు అత్తగారు మంచం పట్టె పట్టుకుని లేవలేక, అల్లుడి ముందు సిగ్గుపడి, లేవాలని లేదులెండి అంటే, తమ్ముడు ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా గీయడం మొదలుపెట్టాడు. మరదలు ఆ సంగతి ఎంతమందికో చెప్పుకుంది.

"అది మొదటిది కదా," అన్నాడు తమ్ముడు. "దాని సంగతి వేరు."

"ఏం వేరు?"

"అది నేనే దగ్గరుండి బిగించాను."

"ఏ బోల్టులు, అని అడిగాను."

అతను అక్క వైపు చూశాడు. ఇంతసేపూ అరిచిన మనిషి, ఇప్పుడు అక్క ఏదైనా చెప్తే బాగుండునన్నట్టు చూశాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టినప్పుడు కూడా అలాగే చూసేవాడు. అప్పుడు పెద్దమ్మాయి, నేనే పగలగొట్టానని చెప్పేది.

ఇవాళ చెప్పలేదు.

మరదలు కత్తిని చంకలో ఇరికించుకుని ఫోను తీసింది. ఎప్పుడూ చేతుల్లో ఏదో పని ఉంటుంది గనక ఫోను స్పీకరులోనే పెడుతుంది. గదిలో అందరికీ గంట వినబడింది. చాలాసేపు మోగింది.

"ఏమ్మా, ఈ వేళప్పుడు చేశావు?"

"ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? కుర్చీలో ఉన్నాను. మీ ఆయన పుణ్యమా అని మారాజులా ఉన్నాను. నొక్కితే లేస్తోంది, నొక్కితే దిగుతోంది. కాకపోతే..."

"కాకపోతే?"

"ఏం లేదులే. టకటకమంటోంది. కుడిపక్క. మొన్న అల్లుడుగారికి ఫోను చేసి చెప్పాను కదా. కొత్తది కదా అత్తయ్యా, సర్దుకుంటుందన్నారు."

ఇస్త్రీపెట్టె చల్లబడుతూ టిక్కు టిక్కుమంది.

"మొన్న చెప్పావా?" అంది మరదలు.

"చెప్పాను. నీకు చెప్పొద్దన్నారు, కంగారుపడతావని. ఎంత మంచి మనిషే! ఇదిగో, ఇప్పుడు లేచి ఆ కిటికీ వేసుకుందామనుకుంటున్నా, దుమ్మొస్తోంది."

"అమ్మా. లేవకు."

"ఆఁ?"

"లేవకమ్మా! మీట ముట్టుకోకు. ఎలా ఉన్నదానివి అలాగే కూర్చో. కుడిపక్కకు ఒరగకు. నేనొస్తున్నా."

"ఎందుకే, ఏమైంది?"

మరదలు ఫోను ఆపేసింది.

తమ్ముడికి తెలియదనుకుని పెద్దమ్మాయి ఇంతసేపూ అరిచింది. వాడికి మొన్ననే తెలుసు. కుడిపక్క టకటకమంటోందని విన్న మనిషికి, బోల్టు గీసే మనిషికి, అదేమిటో తెలియకుండా ఉండదు. నిన్న అన్నం తినకుండా పడుకున్నది తన మీద కోపంతో కాదు.

"నేను వెళ్దామనే అనుకున్నాను," అన్నాడు తమ్ముడు. "ఇవాళ సాయంత్రం. లారీ వెళ్ళగానే. నిజంగా. ముందే చెప్తే నువ్వు ఊరికే..."

మరదలు అతని వైపు చూసింది. తిడుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. తిడితే బాగుండేది.

ఆమె వెనక్కి తిరిగి వసారాలోకి వెళ్ళింది. వరసగా నిలబెట్టిన కుర్చీలు, పొద్దుటి నుంచి ఆమే ఒక్కొక్కదానికీ అట్ట చుట్టి, మూలలు మడిచి, టేపు వేసినవి. మొదటిదాని దగ్గర ఆగి కత్తి పైనుంచి కిందికి దించింది. టేపు చీలి, అట్ట రెండుగా విచ్చుకుంది. తర్వాత రెండోది. తర్వాత దాని పక్కది.

"అమ్మాయ్, ఏంటే అది!" అని తల్లి బయటికొచ్చింది. "ఒరేయ్, ఆపరా దాన్ని! లారీ వస్తుంటే ఏంటిది!"

తమ్ముడు ఒక అడుగు వేశాడు. కత్తి పట్టుకున్న ఆ చేతిని చూసి ఆగిపోయాడు. అట్టలు కోయడం తప్ప ఆ చేతికి ఇంకో ధ్యాస లేదు.

చివరి కుర్చీ దాకా కోసింది. లోపలికి వచ్చి కత్తిని మూసి, సగం ఇస్త్రీ అయిన చొక్కా మీద పెట్టింది. షెడ్డులోకి వెళ్ళి గోడకు వేలాడే పానాల్లోంచి రెండు తీసుకుంది.

పెద్దమ్మాయి పరుగున వెళ్ళి, పొద్దున తెప్పించిన పొడుగు బోల్టుల్లో గుప్పెడు తీసి, లాకు నట్టులతో సహా కాగితంలో పొట్లం కట్టింది. చేతులు తొందరపడి కాగితం చిరిగింది. మళ్ళీ కట్టింది.

"ఇవి తీసుకెళ్ళు," అంది. "ముందు మీ అమ్మను కుర్చీలోంచి దింపు. ఆ తర్వాతే విప్పు. నేనూ వస్తానుండు."

మరదలు పొట్లం అందుకుంది. వదిన ముఖంలోకి చూడలేదు. నీ అరలో నువ్వు దిద్దుకున్న మాట నోటితో చెప్పి ఉంటే, అని కూడా అనలేదు. అనకపోయినా పెద్దమ్మాయికి వినబడింది.

"బండి నేను తీస్తా," అన్నాడు తమ్ముడు. బల్ల మీది చొక్కా లాక్కుని తొడుక్కోబోతే కత్తి నేల మీద పడింది. ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, ఒక చెయ్యి ముడతలు. "ఆగు. నేను దింపుతా. ఆగమంటున్నానా!"

మరదలు చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికో చెప్పి వెళ్ళమ్మా," అంది తల్లి. ఎక్కడికో ఆమెకూ తెలుసు. ఏదో ఒక మాట వినాలనిపించి అడిగింది.

మరదలు గేటుకు కట్టిన తాడు ముడి విప్పబోయింది. అది బిగుసుకుపోయి ఉంది. పానా కొసతో ఒక్క గుంజు గుంజింది. తాడు తెగింది.

వీధి చివర లారీ హారను మోగింది. అది వెనక్కి వెనక్కి వస్తూ గేటుకు అడ్డంగా ఆగుతోంది. డ్రైవరు తల బయటపెట్టి, "సరుకు రెడీయేనా?" అని అరిచాడు.

మరదలు లారీకీ గోడకూ మధ్య పక్కకు ఒదిగి, అవతలికి దాటి వెళ్ళిపోయింది.